పాత హాట్ హ్యాచ్ కొంటున్నారా? పోలో జీటీ, బలెనో ఆర్‌ఎస్, అబార్త్ పుంటో, ఫిగో డీజిల్‌లో ఏది ఎవరికి

2013 నుంచి 2020 దాకా మన దేశంలో చిన్న కారులో పెద్ద పికప్, అంటే హాట్ హ్యాచ్ కోరుకునేవాళ్లకు మంచి రోజులు నడిచాయి. ఫోక్స్‌వ్యాగన్ 2013లో పోలో జీటీ టీఎస్‌ఐ తెచ్చింది, అదే ఏడాది డీజిల్‌లో జీటీ టీడీఐ కూడా వచ్చింది. 2015లో ఫియట్ నుంచి అబార్త్ పుంటో, ఫోర్డ్ నుంచి కొత్త ఫిగో వచ్చాయి. 2017లో మారుతి కూడా బలెనో ఆర్‌ఎస్‌తో బరిలోకి దిగింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి ఈ జాబితాలో చాలా పేర్లు షోరూముల నుంచి మాయమయ్యాయి.

ఇప్పుడవన్నీ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో తిరుగుతున్నాయి. చాలావాటికి ఇది రెండో చెయ్యో మూడో చెయ్యో. కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏది ఫాస్ట్?" అని. దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: అబార్త్. 145 హార్స్‌పవర్ ముందు మిగతావేవీ నిలవవు. కానీ కొనబోయేది ఏళ్లు గడిచిన బండి. దాన్ని ఒకరు ప్రేమగా నడిపి ఉండొచ్చు, ఇంకొకరు ఓఆర్ఆర్ మీద చితక్కొట్టి ఉండొచ్చు. అందుకని నా లెక్కలో మొదటి ప్రశ్న వేరు. ఇది మొరాయించిన రోజు ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు? ముందు మెకానిక్ దొరకాలి, ఆ తర్వాతే బండి వెతకాలి.

హైదరాబాద్‌లో ఉంటే ఈ బాధ తక్కువ. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లు మాత్రమే చూసే ప్రైవేటు గ్యారేజీలున్నాయి, స్కానరు పెట్టి ఏ సెన్సార్ ఏమంటోందో చెప్పేవాళ్లున్నారు. అదే ఒంగోలు, కరీంనగర్, శ్రీకాకుళంలో ఉంటే కథ మారిపోతుంది. మారుతికి ఏ సెంటర్‌కెళ్లినా షెడ్డు దొరుకుతుంది. మిగతా వాటికి బండిని ట్రక్కెక్కించి హైదరాబాదో విశాఖో పంపాల్సి రావచ్చు. కింద ప్రతి బండి గురించీ రాసింది ఈ కోణంలోనే చదవండి.

పోలో జీటీ టీఎస్‌ఐ: గేర్‌బాక్సే అసలు బండి

1.2 లీటర్ టర్బో పెట్రోల్, నాలుగు సిలిండర్లు, 105 హార్స్‌పవర్, 175 ఎన్ఎం టార్క్ (లాగే బలం). దానికి 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. కాగితం మీద ఈ అంకెలు ఇప్పుడు పెద్దగా అనిపించవు. నడిపితే మాత్రం ఇంజన్ నున్నగా లాగుతుంది, గేరు మారిందని టాకోమీటరు ముల్లు చూసి తెలుసుకోవాల్సిందే.

ఆ సుఖం వెనకున్న యంత్రం గురించి కాస్త తెలుసుకోవాలి. డీఎస్‌జీలో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లకు, రెండోది 2, 4, 6 గేర్లకు. మీరు రెండో గేరులో వెళ్తుండగానే మూడోది సిద్ధంగా ఉంటుంది కాబట్టి మార్పు క్షణంలో జరిగిపోతుంది. ఈ జీటీలో వాడిన డీక్యూ200 రకంలో క్లచ్‌లు పొడివి, ఆయిల్‌లో మునిగి ఉండవు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుగుతుంటే క్లచ్ సగం పట్టి సగం వదిలి రాపిడికి వేడెక్కుతుంది, చల్లార్చే ఆయిల్ లేదు. ఇక రెండో తలనొప్పి మెకట్రానిక్. గేర్లు మార్చే కంప్యూటరు, హైడ్రాలిక్ వాల్వులు అన్నీ కలిపిన డబ్బా అది. అందులో ప్రెషర్ పోయిందంటే గేర్లు పడవు, డ్యాష్‌బోర్డు మీద గేరు సూచిక మిణుకుమిణుకుమంటుంది. కొత్తది వేయించాలంటే బిల్లు లక్షల్లో మాట. రిపేరు చేసి ఇచ్చేవాళ్లు ఇప్పుడు పెద్ద నగరాల్లో ఉన్నారు, చిన్న ఊళ్లలో లేరు.

టెస్ట్ డ్రైవ్‌లో ఇలా చూడండి. బండి చల్లగా ఉన్నప్పుడే వెళ్తామని ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. స్టార్ట్ చేసి డీలో పెట్టి బ్రేకు మీద నుంచి కాలు తీస్తే బండి కుదుపు లేకుండా తనంతట తాను కదలాలి. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు మెల్లగా మారుతున్నప్పుడు సీటు కింద వణుకు వస్తే క్లచ్ అరుగుతున్నట్టు. తర్వాత అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దించి, ర్యాంపు మీద రివర్స్‌లో పైకి ఎక్కించండి. మంచి క్లచ్ ఉన్న బండి నిదానంగా ఎక్కుతుంది. అరిగింది ఊగుతుంది, జర్కులిస్తుంది, కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఆర్ నుంచి డీకి మార్చినప్పుడు ఒకటి రెండు సెకన్లు ఆలోచిస్తూ ఉండిపోయినా అనుమానించాల్సిందే.

స్కాన్ రిపోర్టులో తప్పులేమీ లేవని అమ్మేవాళ్లు చూపిస్తే సంబరపడొద్దు. ఎర్రర్ కోడ్లు తుడిచేయడం అర నిమిషం పని. ట్రాఫిక్‌లో అరగంట తిప్పాక మీ మనిషి చేత మళ్లీ స్కాన్ చేయించండి, దాక్కున్నవి అప్పుడు బయటికొస్తాయి.

రీమ్యాప్ చేసిన, అంటే ఇంజన్ కంప్యూటరు సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచిన జీటీ టీఎస్‌ఐ అయితే నేను దగ్గరికి కూడా వెళ్లను. డీక్యూ200 తట్టుకునే గరిష్ఠ టార్క్ 250 ఎన్ఎం. రీమ్యాప్‌తో ఇంజన్‌ను ఆ హద్దు దాకా తోసి, అందులో నాలుగేళ్లు నడిపి, ఇప్పుడు మళ్లీ కంపెనీ సెట్టింగుకు మార్చి అమ్మేవాళ్లు ఉన్నారు.

బడ్జెట్ కొంచెం సాగితే 2020–22 మధ్య వచ్చిన 1.0 టీఎస్‌ఐ పోలో చూడండి. మూడు సిలిండర్లే కానీ 110 హార్స్‌పవర్, అదే 175 ఎన్ఎం. మాన్యువల్ 6 గేర్లతో వచ్చింది, ఆటోమేటిక్ కావాలన్నా మామూలు టార్క్ కన్వర్టరే, డీఎస్‌జీ గొడవ లేదు. 2022లో పోలో పూర్తిగా ఆగిపోయాక వీటి ధరలు మొండిగా నిలబడ్డాయి. అమ్మేటప్పుడు ఆ మొండితనమే మీకూ కలిసొస్తుంది.

జీటీ టీడీఐ: హైవే మనుషులకు

మొదట్లో 1.6 లీటర్, 2014 తర్వాత 1.5 లీటర్. 105 హార్స్‌పవర్, తర్వాత 110. ఏదైనా టార్క్ 250 ఎన్ఎం, 5 గేర్ల మాన్యువల్. టర్బో మేలుకోకముందు కాస్త బద్ధకం, మేలుకున్నాక వెనక్కి నెట్టే తోపు. విజయవాడ రోడ్డులో లారీని దాటాలంటే ఐదో గేరులోనే నొక్కితే చాలు. మైలేజీ కూడా ఈ జాబితాలోని పెట్రోళ్లకు అందనిది. వారానికోసారి ఊరెళ్లేవాళ్లకు నేను మొదట చెప్పేది దీని పేరే.

చూడాల్సినవి: లక్ష కిలోమీటర్ల దగ్గరికి వచ్చినా, దాటినా టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు అడగండి. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజన్ దింపాల్సి వస్తుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. బిల్లు లేకపోతే మార్చలేదనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. 2015లో ఫోక్స్‌వ్యాగన్ ఉద్గారాల కుంభకోణం బయటపడ్డాక మన దేశంలోనూ సుమారు 3.23 లక్షల డీజిల్ కార్లను సాఫ్ట్‌వేర్ మార్చడానికి వెనక్కి పిలిచారు. ఈ ఇంజన్ల కుటుంబమే అది, కాబట్టి ఆ అప్‌డేట్ జరిగిందో లేదో సర్వీసు చరిత్రలో చూసుకోండి. డోర్ లాకులు మొరాయించడం పోలోల్లో మామూలే. నాలుగు తలుపులూ రిమోట్‌తో పదేపదే వేసి తీసి చూడండి. వెనక సీట్లో పొడుగు మనుషులు కూర్చోలేరు, అది ఏ పోలోకైనా అంతే.

ఒక పెద్ద ఉచ్చు కూడా ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు నడపకూడదన్న ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, అక్కడి డీజిల్ కార్లు దక్షిణాదికి దిగాయి. మన కన్సల్టెన్సీల్లో డీఎల్ (ఢిల్లీ), హెచ్ఆర్ (హర్యానా) నంబర్లతో జీటీ టీడీఐలు చవకగా కనిపించేది అందుకే. ధర చూసి ఎగిరి గంతేయకండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తెప్పించాలి, మన దగ్గర మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, రీరిజిస్ట్రేషన్ చేయించాలి. ఇవన్నీ కలిపాక లోకల్ బండి ధరకే వస్తుంది చాలాసార్లు. మీటరు వెనక్కి తిప్పలేదన్న నమ్మకం కూడా ఉండదు.

బలెనో ఆర్‌ఎస్: ఎవరూ గుర్తుపట్టని బండి

దీన్ని తక్కువగా చూస్తారు, కొనేవాళ్లకు అదే లాభం. 1.0 లీటర్ బూస్టర్‌జెట్ టర్బో, 102 హార్స్‌పవర్, 150 ఎన్ఎం. అంకెల్లో చిన్నదే కానీ బరువు 950 కిలోలే. వెనక చక్రాలకు కూడా డిస్క్ బ్రేకులున్నాయి. 5 గేర్ల మాన్యువల్. నిజమే, స్టీరింగ్‌లో పోలో లాంటి పట్టు లేదు, 120 దగ్గర పోలోలా రోడ్డును కరుచుకోదు. కానీ బానెట్ కింద తప్ప మిగతా ఒళ్లంతా మామూలు బలెనోయే. అద్దం, లైటు, డోరు, సస్పెన్షన్ బుష్ ఏదైనా జిల్లా కేంద్రంలో దొరుకుతుంది. ఇంజన్ భాగాల మీద భయమున్నా, 2023లో ఫ్రాంక్స్‌తో బూస్టర్‌జెట్ మళ్లీ రావడంతో మారుతి షెడ్లకు ఇది కొత్త ముఖం కాకుండా పోయింది.

రెండు విషయాలు తప్పక చూడండి. మొదటిది, 2023 ఏప్రిల్‌లో మారుతి 7,213 బలెనో ఆర్‌ఎస్‌లను వెనక్కి పిలిచింది. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపులో లోపముంటే పెడల్ గట్టిపడి ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుందన్నది కారణం. 2016 అక్టోబరు 27 నుంచి 2019 నవంబరు 1 మధ్య తయారైనవి ఈ లెక్కలోకి వస్తాయి, అంటే మార్కెట్లో ఉన్నవాటిలో దాదాపు అన్నీ. చాసిస్ నంబరు ఇస్తే షోరూములో పంపు సంగతి చెప్పేస్తారు. ఈ పని ఉచితం, కాబట్టి పాత ఓనరు చేయించకపోయినా బేరం చెడగొట్టుకోవక్కర్లేదు. తీసుకోగానే మీరు చేయించండి.

రెండోది, మామూలు 1.2 బలెనోకు ఆర్‌ఎస్ బంపరు, బ్యాడ్జి తగిలించి అమ్మకానికి పెట్టేవాళ్లున్నారు. ఆర్సీలో ఇంజన్ కెపాసిటీ చూడండి. 998 సీసీ ఉంటే ఆర్‌ఎస్, 1197 ఉంటే మామూలుది.

అబార్త్ పుంటో: తెలిసే కొనాలి

2015లో 9.95 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకు 145 హార్స్‌పవర్, 212 ఎన్ఎం. 0 నుంచి 100కు 8.8 సెకన్లని కంపెనీ చెప్పుకుంది. ఆ డబ్బుకు ఆ వేగం మన దేశంలో అప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు. హైడ్రాలిక్ స్టీరింగ్ కావడంతో రోడ్డు మీది ప్రతి గరుకూ చేతికి తెలుస్తుంది. శ్రీశైలం ఘాట్‌లో దీన్ని నడిపినవాళ్లు మిగతా ఏ బండినీ పొగడరు.

ఇక మిగతా రోజుల సంగతి. గ్రౌండ్ క్లియరెన్స్ 155 మిల్లీమీటర్లు. మామూలు పుంటో కన్నా మూడు సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. మన కాలనీల్లో ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద నలుగురెక్కితే కింద రాసుకోవడం ఖాయం. కొనే ముందు జాకీ ఎక్కించి అండర్ చాసిస్ చూడండి. సిటీలో మైలేజీ సింగిల్ డిజిట్‌కు పడిపోతుంది. 2019 నాటికి ఫియట్ ఇక్కడ కార్ల అమ్మకం చాలించుకుంది. ఇంజన్ మాత్రం ఫియట్ సెడాన్ లీనియా టీ-జెట్ కుటుంబానిదే, బాడీ పుంటోది కాబట్టి రెండింటి భాగాల్లో చాలావరకు వెతికితే దొరుకుతాయి. అబార్త్‌కు మాత్రమే ప్రత్యేకమైన స్ప్రింగులు, అలాయ్ చక్రాలు అలా కాదు. ఒక చక్రం గుంతలో వంగితే జత దొరికేదాకా బండి ఇంటిముందే.

దీనికీ నకిలీల బెడద ఉంది, పైగా ఆర్సీ చూసి తేల్చలేం. మామూలు 1.4 పెట్రోల్ పుంటో, అబార్త్ రెండూ 1368 సీసీలే. వెనక చక్రంలోకి తొంగి చూడండి, డిస్క్ ఉండాలి. డ్రమ్ ఉంటే అబార్త్ గుర్తైన తేలు బొమ్మ స్టిక్కరు మాత్రమే అబార్త్‌ది.

ఇంట్లో ఇంకో బండి ఉండి, అప్పుడప్పుడు రెండు మూడు వారాలు ఇది షెడ్డులో ఉన్నా పర్లేదనుకునేవాళ్లే కొనాలి. అలాంటివాళ్లకు ఈ మొత్తం జాబితాలో దీన్ని మించింది లేదు.

ఫిగో 1.5 డీజిల్

పేరులో జీటీ లేదు, ఆర్‌ఎస్ లేదు. 100 హార్స్‌పవర్, 215 ఎన్ఎం, తేలికైన బాడీ. బడ్జెట్ బాగా తక్కువైతే ఇదే. 2017లో వచ్చిన ఫిగో ఎస్ దొరికితే ఇంకా మంచిది, సస్పెన్షన్ గట్టిది, టైర్లు వెడల్పు. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక ధరలు పడ్డాయి. ఫోర్డ్ సెడాన్ ఆస్పైర్‌తో చాలా భాగాలు ఒకటే కావడంతో సామాన్లకు ఇప్పటికీ పెద్ద టెన్షన్ లేదు. టైమింగ్ బెల్టు మాట దీనికీ వర్తిస్తుంది. పెట్రోల్ ఆటోమేటిక్ ఫిగో వైపు మాత్రం వెళ్లొద్దు, గేర్‌బాక్స్ పోతే బండి ధరలో పెద్ద భాగం దానికే పోతుంది.

పోలో జీటీఐ గురించి అడుగుతారు కొందరు. మూడు తలుపుల, 192 హార్స్‌పవర్ బండి అది. 2016 నవంబరులో 99 మాత్రమే తెస్తున్నామని కంపెనీ చెప్పింది. అమ్మకానికి కనిపించిన రోజు చూద్దాం. ఇక పన్నెండేళ్ల జర్మన్ లగ్జరీ కూపే కొత్త స్విఫ్ట్ ధరకు వస్తోందంటే, బండి పాతదైనా స్పేర్ పార్టుల ధర మాత్రం కొత్త బండిదేనని గుర్తుంచుకోండి.

నా ఎంపిక

జిల్లా కేంద్రంలో ఉంటూ ఇంట్లో ఇదొక్కటే కారు అయితే బలెనో ఆర్‌ఎస్. నెలకు వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు హైవే మీద తిరిగితే జీటీ టీడీఐ, మన రాష్ట్రం నంబరుతో ఉన్నదే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ తప్పదంటే 1.0 టీఎస్‌ఐ టార్క్ కన్వర్టర్. పాత 1.2 డీఎస్‌జీ కొనొచ్చు, కానీ గేర్‌బాక్స్ మీద పెట్టిన ఖర్చుల బిల్లులు కళ్లతో చూశాకే, పైన ఇంకో లక్షన్నర పక్కన పెట్టుకున్నాకే. మిగతా బండ్లకు కూడా కొన్న ధరలో కనీసం ఆరో వంతు మొదటి ఏడాది ఖర్చుకని దాచుకోండి. టైర్లు, బుష్‌లు, కూలెంట్, ఆయిల్స్, బ్యాటరీ అన్నీ ఒకేసారి అడుగుతాయి.

పెట్రోల్ బండ్లకు ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి తగ్గ భాగాలు 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లకే తప్పనిసరి. పైన చెప్పిన పెట్రోళ్లన్నీ అంతకుముందువే. మైలేజీ కొంత తగ్గుతుంది. పాత రబ్బరు ఫ్యూయల్ పైపులు, సీళ్లు మెకానిక్‌తో చూపించి, పగుళ్లుంటే మార్పించేయండి. వాడకుండా నెలల తరబడి ట్యాంకులో అలాగే ఉంచొద్దు.

నీళ్లలో మునిగిన బండ్లు

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. ఈ రెండు వరదల్లో మునిగిన కార్లు కడిగి, తుడిచి, సెంటు కొట్టి వేరే ఊళ్లలో అమ్ముడవుతూనే ఉన్నాయి. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా, ఇక రాదన్నదాకా లాగండి. రోజూ వాడే భాగం కడిగేస్తారు. లోపల చుట్టుకుని ఉండే చివరి అడుగు మీద బురద గీత అలాగే ఉండిపోతుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో తుప్పు, ఇసుక ఉన్నాయేమో చూడండి. సీటు ముందుకు జరిపి కింది పట్టాల బోల్టులు చూడండి. ఈ టర్బో బండ్లలో వైరింగ్, సెన్సార్లు ఎక్కువ కాబట్టి మునిగినదానికి రోగం ఏడాది తర్వాత బయటపడుతుంది. ఎంత తక్కువకిచ్చినా వద్దు.

కాగితాలు

2013–14లో హైదరాబాద్‌లో రిజిస్టరైన జీటీలకు ఏపీ 09 నుంచి ఏపీ 13 దాకా, లేదా ఏపీ 28, 29 నంబర్లుంటాయి. అవి తెలంగాణ బండ్లే, ఏపీ అని చూసి ఎన్ఓసీ అడగక్కర్లేదు. విజయవాడ, వైజాగ్ నంబరున్న బండి హైదరాబాద్‌కు వస్తే, లేదా ఇక్కడిది అక్కడికి వెళ్తే మాత్రం ఎన్ఓసీ, ట్యాక్స్ తతంగం ఉంటుంది. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే నంబరు మార్చుకోవాల్సిందే. లోన్ తీరిపోయినా ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) అలాగే ఉందేమో చూసి, ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35 తెమ్మనండి. ఓనరు పేరు మార్చే 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టి చేతిలో పెడితే సరిపోయిందనుకోవద్దు. మీ పేరు మారేదాకా కొంత డబ్బు ఆపి ఉంచుకోండి. పెండింగ్ చలానాలు చూసుకోండి, హాట్ హ్యాచ్ ఓనర్లకు స్పీడ్ చలానాలు బోనస్‌గా ఉంటాయి.

ఇన్సూరెన్సు ఓనరు మారిన 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాలి. బండికి రీమ్యాప్, సైలెన్సర్ లాంటివి ఏమైనా మార్చి ఉంటే తీయించేయండి. లేదంటే ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి పాలసీలో ఎక్కించుకోండి. క్లెయిమ్ రోజున సర్వేయర్ మొదట వెతికేది అదే.